సగంలో ఆగిన అప్‌డేటు



కుటుంబ పత్రికలో వైఫై పెట్టె గురించి వ్రాయడమేమిటని కొందరు అనుకోవచ్చు. ఇదివరలో మన ఇళ్ళలో రేడియో ఆగిపోతే మెకానిక్కు దగ్గరకు తీసుకొని వెళ్ళేవాళ్ళం. టీవీ ఆగిపోతే అతనే ఇంటికి వచ్చేవాడు. ఇప్పుడు గోడకు తగిలించి, నాలుగు కొమ్ములతో మినుకు మినుకుమనే ఈ రౌటరు ఆగిపోతే మాత్రం, ఎవరినడిగినా చెప్పేది ఒకటే మాట: "పోయిందండీ, కొత్తది కొనుక్కోండి." ఆ మాట అన్నిసార్లూ నిజం కాదు. ముఖ్యంగా అప్‌డేటు మధ్యలో కరెంటు పోయి ఆగిన రౌటరు చాలామట్టుకు చచ్చిన రౌటరు కాదు. ఆ సంగతి మా ఇంట్లో ఎలా తెలిసిందో చెబుతాను.

మాది కూచిపూడి. ఊరి పేరు చెప్పగానే అందరూ నాట్యం గురించే అడుగుతారు. నేను మాత్రం ముప్పై ఏళ్ళు ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు గుణింతాలు నేర్పి రిటైరైనదానిని. మా అబ్బాయి కువైట్‌లో ఉన్నాడు. కోడలు, మనవడు మా దగ్గర ఉంటారు. కోడలు చేసేది మెడికల్ కోడింగ్ పని. అమెరికా ఆసుపత్రులలో రోగులకు చేసిన వైద్యాన్ని కాగితాలలో చదివి, ఒక్కొక్క జబ్బుకూ ఒక్కొక్క చికిత్సకూ నిర్ణయించిన అంకెలు వేయడం. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఆఫీసుకు వెళ్ళి చేసేది. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కంపెనీవారే ఇంటినుండి చేయమన్నారు. ఆ తరువాత ఏడాదికి మావారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆయనను లేవదీసి కూర్చోబెట్టాలన్నా, స్నానం చేయించాలన్నా నా ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. కాబట్టి మా ఇల్లు నిలబడినది ఆ అమ్మాయి ఇంట్లో ఉండడంవల్ల. ఆ అమ్మాయి ఇంట్లో ఉండగలిగినది ఆ తీగవల్ల.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు కోసిన పనలు నీళ్ళలో నానిపోయి రైతులు పడిన బాధ మీకు తెలియనిది కాదు. ఆ తరువాత కొన్నాళ్ళు కరెంటు వస్తూ పోతూ ఉండేది. మరుసటి మంగళవారం తెల్లవారుజామున కూడా అలాగే పోయి వచ్చింది. ఆరు గంటలకు కోడలు పనికి కూర్చోబోతే ఫోనులోగాని ల్యాప్‌టాప్‌లోగాని మా వైఫై పేరే కనబడలేదు. రౌటరు మీద లైట్లన్నీ ఒక్కసారి వెలిగి, ఆరి, మళ్ళీ వెలుగుతున్నాయి. గంటసేపు చూచినా అదే తంతు. కోడలు ఫోనులో రౌటరు యాప్ తెరిస్తే, రాత్రి మూడు గంటలకు కొత్త ఫర్మ్‌వేర్ వేసుకోవడం మొదలుపెట్టినట్లు ఒక సందేశం ఉన్నది. ముగిసినట్లు సందేశం లేదు. రౌటరు తనంతట తాను రాత్రిపూట అప్‌డేటు చేసుకొనే ఏర్పాటు కంపెనీవారే చేసి పంపిస్తారు. వాళ్ళ దేశంలో రాత్రి మూడు గంటలకు కరెంటు పోదు కాబోలు.

ఫర్మ్‌వేర్ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. రౌటరు చూడడానికి పెట్టెలాగ ఉన్నా అదీ ఒక చిన్న కంప్యూటరే. దాన్ని నడిపించే ప్రోగ్రాము లోపలి చిప్పులో వ్రాసిపెట్టి ఉంటుంది. అదే ఫర్మ్‌వేర్. ఈ మాటను 1967లో ఆషర్ ఆప్లర్ అనే అమెరికన్ ఒక కంప్యూటరు పత్రికలో మొదట వాడాడట. ఆ చిప్పు ఎలాటిదంటే, మన పలక వంటిది. పాత అక్షరాల మీద కొత్తవి వ్రాయడానికి వీల్లేదు, ముందు తుడవాలి. కొంత భాగం తుడిచి, అక్కడ కొత్తది వ్రాసి, మళ్ళీ కొంత తుడిచి, ఇలా సాగుతుంది. సగంలో కరెంటు పోతే సగం పలక మీద కొత్త పాఠం, మిగతా సగంలో పాతదో, ఖాళీయో. ఖరీదైన రౌటర్లలో రెండు పలకలుంటాయి. ఒకటి చెడితే రెండవదానితో లేస్తాయి. మనం కొనే వాటిలో చాలావాటికి ఒకటే ఉంటుంది.

అయితే ఆ పలక మొదట్లో ఒక చిన్న భాగం ఉంటుంది. దానిని బూట్‌లోడర్ అంటారు. కరెంటు ఇవ్వగానే మొదట మేల్కొనేది అది. అది లేచి, మిగతా ప్రోగ్రామును లేపుతుంది. చాలా రౌటర్లలో ఉండేది యు-బూట్ అనే బూట్‌లోడర్. జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ డెంక్ అనే ఇంజనీరు మొదలుపెట్టి, అందరూ వాడుకోవడానికి ఉచితంగా వదిలినది. మామూలు అప్‌డేటులో సాధారణంగా ఈ భాగాన్ని ముట్టుకోరు. అందుచేత పై ప్రోగ్రాము సగంలో చెడినా, ఈ చిన్నది క్షేమంగా ఉంటుంది. మా రౌటరులో లైట్లు ఒక్కసారి వెలిగి ఆరడానికి కారణం కూడా ఇదే. బూట్‌లోడర్ లేస్తున్నది, పైదాన్ని లేపుతున్నది, అది లేవలేక పడిపోతున్నది, మళ్ళీ మొదటికి వస్తున్నది. (మా పాస్టరుగారు ఈ సంగతి విని, దీనిలో ఒక ప్రసంగానికి సరిపడా ఉన్నదన్నారు. అది ఆయన పని. నేను పెట్టె సంగతే చెబుతాను.)

ఇంత ప్రమాదముంటే అసలు అప్‌డేటు ఎందుకు చేయాలి, పాతదానితోనే ఉండవచ్చు గదా అని మా ఆడపడుచు అడిగింది. ఉండకూడదు. 2018 మే నెలలో వి.పి.ఎన్. ఫిల్టర్ అనే దొంగ ప్రోగ్రాము 54 దేశాలలో కనీసం అయిదు లక్షల రౌటర్లలోను, అలాంటి పరికరాలలోను దూరినట్లు బయటపడింది. ఇళ్ళలో ఉండే చిన్న రౌటర్లే వాటిలో ఎక్కువ. అమెరికా ప్రభుత్వపు ఎఫ్.బి.ఐ. వారే ప్రజలను రౌటర్లు ఒకసారి ఆపి వెయ్యండని కోరారు. అటువంటివి దూరే కంతలను పూడ్చడానికే అప్‌డేట్లు వస్తాయి. కాబట్టి మానడం కాదు, ఎప్పుడు ఎలా చేయాలన్నదే ప్రశ్న.

మొదట కేబుల్ అబ్బాయిని పిలిచాము. అతను మంచివాడు, తుపాను పనులలో తిరుగుతూ కూడా సాయంత్రానికి వచ్చాడు. మా ఇంట్లో రెండు పెట్టెలున్నాయి. ఫైబరు తీగ వచ్చి దిగే తెల్లపెట్టె వాళ్ళది. దాని నుండి తీగ తీసికొని ఇల్లంతా వైఫై ఇచ్చే రౌటరు మేము కొన్నది. తెల్లపెట్టె మీద పాన్ అన్న లైటు పచ్చగా నిలకడగా వెలుగుతున్నది. లాస్ అన్న ఎర్రలైటు లేదు. ఎర్రది మినుకుమంటే ఎక్కడో తీగ తెగినట్లు. "మా లైను బాగుందండీ టీచరుగారూ, మీ పెట్టే పోయింది" అన్నాడు. ఆ మాట వరకు అతను చెప్పినది నిజమే. తెల్లపెట్టె తీగను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టి చూద్దామన్నాడు. కోడలిది ఆఫీసువారిచ్చిన ల్యాప్‌టాప్. దానిలో మనం కొత్త అమరికలేవీ చేయడానికి వాళ్ళు తాళం వేసి ఉంచారు. ఫోను హాట్‌స్పాటు మీద పని చేయకూడదని కూడా వాళ్ళ నిబంధన. రోగుల వివరాలు గదా, వాళ్ళ జాగ్రత్త వాళ్ళది.

రౌటరు కంపెనీకి ఫోను చేస్తే, వారంటీ అయిపోయిందన్నారు. వెనుక ఉన్న సన్న కన్నంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కమన్నారు. నొక్కాము. ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో ఇప్పుడు తెలుసు. రిసెట్ అనేది మనం పెట్టుకున్న పేరు, పాస్‌వర్డు వంటి అమరికలను చెరిపేస్తుంది. చెడిపోయిన ప్రోగ్రామును బాగుచేయదు. పైగా ఆ అమరికలు ఎక్కడా వ్రాసి పెట్టుకోనివాళ్ళకు దానివల్ల రెండో కష్టం. మా కోడలు కనెక్షను యూజర్ పేరు, పాస్‌వర్డు డైరీలో వ్రాసి ఉంచింది గనుక మాకు ఆ బాధ తప్పింది.

కొత్తది కొనడానికి డబ్బు లేక కాదు. ఆ వారం పామర్రులో, చల్లపల్లిలో అడిగితే మాకు కావలసిన రకం లేదన్నారు, తెప్పిస్తే నాలుగు రోజులు పడుతుందన్నారు. బుధవారం సాయంత్రం కోడలికి ఆఫీసునుండి ఫోను వచ్చింది. మాట్లాడి వచ్చి వంటింట్లో నిలబడింది.

"శుక్రవారం ఆరింటికల్లా లాగిన్ అవ్వాలంట అత్తయ్యగారూ. లేకపోతే సోమవారం నుంచి హైదరాబాదు ఆఫీసుకు రమ్మంటున్నారు."

"ఎన్నాళ్ళకమ్మా?"

"ఇంకెప్పటికీ అక్కడేనంట."

మావారు మంచం మీదినుండి అన్నీ వింటూనే ఉన్నారు. మాట సరిగా రాదు గాని చెవులు బాగా పనిచేస్తాయి. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

మా అక్కయ్య కూతురి కొడుకు బందరులో డిప్లొమా చదువుతున్నాడు. గురువారం కాలేజీ అయ్యాక బస్సెక్కి వచ్చాడు, భుజాన తన ల్యాప్‌టాప్‌తో. రౌటరు తిరగేసి చూచి, "చచ్చిపోలేదు అమ్మమ్మా, ఇది ఊపిరి తీస్తోంది" అన్నాడు. పై వివరాలన్నీ వాడు ఆ రాత్రి చెప్పినవే.

మొదట కావలసినది సరియైన ఫైలు. ఒకే పేరుతో అమ్మే రౌటరులోనే లోపలి సామాను మార్చి అయిదారు వెర్షన్లు తెస్తారు. నాలుగవ వెర్షన్ ఫైలు అయిదవ వెర్షన్‌లో వేస్తే ఉన్న ప్రాణం కూడా పోవచ్చు. ఒక దేశానికి చేసినది మరొక దేశపు రౌటరుకు పనికిరాకపోవచ్చు. అడుగున అంటించిన చీటీలో అక్షరాలు చీమల్లాగ ఉన్నాయి. నేను భూతద్దం పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాను, వాడు వ్రాసుకున్నాడు. కంపెనీ వారి సొంత సైటు నుండి తప్ప మరెక్కడా ఫైలు తీసికోకూడదన్నాడు. ఫోను డేటా మీద దించడానికి పావుగంట పట్టింది.

తరువాత కూర్చోవడానికి చోటు. మా ఇంట్లో ఇన్వర్టరు లైను ఉన్నది మావారి గదిలోనే, ఆయన గాలిపరుపు కోసం వేయించినది. ఒకసారి కరెంటు పోయే ఈ స్థితి వచ్చింది, రెండోసారి పోకూడదు గదా. అందుచేత ఆయన మంచం కాళ్ళవైపు చిన్న స్టూలు వేసి, రౌటరును, ల్యాప్‌టాప్‌ను దానిమీద పెట్టాము.

వాడు చేసినది ఇది. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపివేసి, తీగతో రౌటరు లాన్ కన్నానికి కలిపాడు. ఇంటర్నెట్ తీగ పెట్టే వాన్ కన్నం కాదు, దాని పక్కవి. ల్యాప్‌టాప్‌కు చేతితో ఒక అడ్రసు ఇచ్చాడు. మా రకానికి 192.168.0.66. ఇది రకాన్నిబట్టి మారుతుంది, మీ రౌటరుకు ఏదో తెలిసికొని చేయాలి. కొన్ని కంపెనీల రౌటర్లలో ఇంత శ్రమ అక్కరలేదు, రిసెట్ నొక్కిపట్టి కరెంటు ఇస్తే బ్రౌజరులోనే ఒక చిన్న పేజీ తెరుచుకొని ఫైలు అడుగుతుంది. మాది అలాటిది కాదు. బూట్‌లోడరే ల్యాప్‌టాప్‌ను వెదికి ఫైలు తీసికొనాలి. దానికి టి.ఎఫ్.టి.పి. అనే పద్ధతి వాడతారు. ల్యాప్‌టాప్‌లో దానికి సంబంధించిన చిన్న ప్రోగ్రాము తెరిచి, పిన్నుతో రిసెట్ నొక్కిపట్టి, కరెంటు వేసి, పది సెకన్లు లెక్కపెట్టి వదిలాడు.

ఏమీ రాలేదు. ల్యాప్‌టాప్‌లో ఫైర్‌వాల్ ఆపి మళ్ళీ చేశాడు. రాలేదు. ఏడెనిమిదిసార్లు చేశాడు. తొమ్మిదయింది. కోడలు మనవణ్ణి పడుకోబెట్టి వచ్చి తలుపు దగ్గర నిలబడింది, ఏమీ అడగలేదు.

అప్పుడు వాడికి ఒక సంగతి తట్టింది. రౌటరు ఆపినప్పుడు ల్యాప్‌టాప్‌లోని తీగ కన్నం కూడా నిద్రపోతుంది. రౌటరు వేసిన తరువాత అది మేలుకొని సర్దుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. బూట్‌లోడరు ఫైలు కోసం అడిగేది కూడా ఆ కొన్ని సెకన్లే. అది పిలిచేటప్పటికి ఇది నిద్రలో ఉంటున్నది. రెంటికీ మధ్య ఎప్పుడూ మెలకువగా ఉండే మూడో పెట్టె ఒకటి కావాలి. నెట్‌వర్క్ స్విచ్చి అంటారు, గోడ స్విచ్చి కాదు, అయిదు కన్నాల చిన్న డబ్బా. ఈ రాత్రివేళ ఎక్కడ దొరుకుతుందని వాడు తల పట్టుకుంటే, కోడలే అన్నది, "చర్చిలో కెమెరా బల్ల కింద ఉన్నది అదేనేమో చూడు." లాక్‌డౌన్‌లో ఆరాధన ఫోన్లలోకి పంపడానికి సంఘంలో కొన్నది. పాస్టరుగారు తాళాలు తీసికొని వాడితోపాటు వెళ్ళి ఊడదీయించి ఇచ్చారు.

అది మధ్యన పెట్టి, మళ్ళీ పిన్ను, మళ్ళీ పది సెకన్లు. ఈసారి ల్యాప్‌టాప్ తెరమీద ఒక పంక్తి పడింది. ఫలానా పేరుగల ఫైలు కావాలని రౌటరు అడిగినది. దాని కిందనే ఇంకొక పంక్తి, ఆ పేరుతో ఫైలు లేదని.

"అడుగుతోంది అమ్మమ్మా! పేరు పెట్టి అడుగుతోంది!" అని వాడు కేక వేశాడు.

మూడు రోజులుగా అందరూ పోయిందన్న పెట్టె అది. మేము దించిన ఫైలుకు కంపెనీవారు పెట్టిన పేరు వేరు, బూట్‌లోడరు అడిగే పేరు వేరు. చిన్న గీతతో సహా అది అడిగిన పేరే ఫైలుకు పెట్టాడు. నేను పక్కన కూర్చొని అక్షరం అక్షరం సరిచూచాను. ముప్పై ఏళ్ళు డిక్టేషన్ దిద్దినదానిని గదా.

ఈ టి.ఎఫ్.టి.పి. పద్ధతి కొత్తదేమీ కాదు. దాని నియమాలను 1981లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో కేరెన్ సోలిన్స్ అనే ఆవిడ వ్రాసి ప్రకటించారు. ఫైలును 512 బైట్ల చిన్న ముక్కలుగా కోసి ఒక్కొక్కటే పంపుతుంది. అవతలివైపు అందిందని చెప్పేవరకు రెండోది పంపదు. నాట్లప్పుడు గట్టు మీదివాళ్ళు నారుకట్ట అందిస్తే, మడిలోవాళ్ళు అందుకున్నాకే ఇంకొకటి అందిస్తారు చూడండి, అలాగ. మా ఫైలు ఏడు ఎం.బి.లు. అంటే పద్నాలుగు వేలకు పైగా కట్టలు. వినడానికి ఎంతో అనిపిస్తుంది గాని, చూస్తుండగానే పోయాయి. ఆలస్యమంతా ఆ తరువాతే. అందుకున్నదంతా చిప్పులో తుడిచి వ్రాసుకోవాలి. ఆ సమయంలో దానిని ముట్టుకోకూడదు, తీగ కదల్చకూడదు, ఏమీ కావడంలేదని ఆపి వేయకూడదు. ఒకే లైటు వెలుగుతూ ఉన్నది. మావారు ఎడమచెయ్యి దిండు మీద ఆనించి తల ఎత్తి దానినే చూస్తున్నారు. నాలుగు నిమిషాలు అయినవి. తరువాత అన్ని లైట్లూ ఆరి, ఒకటి, రెండు, మూడు వరుసగా వెలిగి, ఈసారి నిలిచిపోయాయి.

కోడలు ఫోనులో వైఫై పేరు వచ్చింది. మేము పెట్టుకున్న పేరు కాదు, ఫ్యాక్టరీ పేరు. డైరీ తెచ్చి అమరికలన్నీ తిరిగి వేసేటప్పటికి పదకొండు దాటింది. మావారు ఏదో అనబోతే నాకు అర్థం కాలేదు. కోడలికి అర్థమైంది. "కుర్రాడికి అన్నం పెట్టమంటున్నారు అత్తయ్యగారూ" అన్నది. మా హడావిడిలో వాడు ఏమీ తినలేదని మాకెవరికీ తోచలేదు, ఆయనకు తోచింది. ఆయనకు కూడా కలిపి పెట్టాను, తిన్నారు.

శుక్రవారం ఆరింటికి కోడలు పనిలో కూర్చున్నది. స్విచ్చిని ఆదివారం ఆరాధనకు ముందే తిరిగి బిగించి వచ్చాడు మావాడు.

ఇప్పుడు మా రౌటరులో రాత్రిపూట అప్‌డేటు ఆపివేశాము. నెలకొకసారి, మధ్యాహ్నం పని అయిపోయాక, ఇన్వర్టరు లైనుకు కలిపి కోడలే చేస్తుంది. ఇన్వర్టరు లేనివాళ్ళకు రౌటరు కోసమే చిన్న బ్యాటరీ పెట్టెలు వస్తున్నాయి. అయితే కొనేముందు రౌటరు అడాప్టరు మీద ఎన్ని వోల్టులని ఉన్నదో చూచుకోవాలి. తొమ్మిది వోల్టులదానికి పన్నెండు ఇవ్వకూడదు. మా వెర్షన్ ఫైలును, అది అడిగిన పేరుతోనే, పెన్‌డ్రైవులో పెట్టి డైరీతోపాటు బీరువాలో ఉంచాము.

ఈ సంగతి ఊళ్ళో తెలిసి ఇద్దరు తమ రౌటర్లు తెచ్చారు. ఒకరిది ఫ్యాక్టరీ పేజీ తెరిచే రకం, మా కోడలే పది నిమిషాలలో లేపింది. రెండవది మొవ్వ నుండి వచ్చినది, అది లేవలేదు. స్విచ్చి పెట్టినా తెరమీద ఒక్క పంక్తి కూడా పడలేదు. దానిలో బూట్‌లోడరే చెడి ఉంటుందని, చిప్పును క్లిప్పుతో పట్టుకొని నేరుగా వ్రాసే పరికరం కావాలని మావాడు చెప్పాడు. చదువు ముగించి ఇప్పుడు వాడు విజయవాడలో పనిచేస్తున్నాడు. ఆ పరికరం తెప్పించి సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తానన్నాడు. అందాకా ఆ రౌటరు, పారవేయవద్దని దాని మీద చీటీ అంటించి, మా బీరువా మీదనే ఉన్నది.